ఆకాశం ఎక్కువైనవాళ్లు

పొద్దున్నే ఎనిమిదింటికి తాళం తీస్తాను.
తాళంకప్ప చన్నీళ్ల చెంబులా చేతికి తగుల్తుంది.
ఏటిగట్టు కనపడదు, వశిష్ఠ కనపడదు,
మంచులోంచి ఓ కొబ్బరి లారీ హారను మాత్రం
అంబాజీపేట వైపు నడిచెళ్తుంది.

శాఖా గ్రంథాలయంలో నాది పార్ట్‌టైం స్వీపరు పని.
చీపురు, బిందె, పేపర్లకి కర్రలు తగిలించడం.
ఉద్యోగం కాగితంలో రాయనిది ఇంకోటుంది:
ఎండని చూసుకోవడం.

ఎనిమిదిన్నరకి తూర్పు కిటికీలోంచి
గచ్చు మీద చాపంత ఎండ పడుద్ది.
బెంచీ అందులోకి జరుపుతాను.
తొమ్మిదికి అది నిఘంటువుల బీరువా వైపు పోద్ది,
బెంచీని వెనకాలే లాక్కెళ్తాను.
కూర్చున్నవాళ్లు లేవరు.
పేజీ మీంచి చూపు తియ్యకుండా
కాళ్లు ఎత్తుతారంతే,
నీళ్లూరిన పడవలో జనంలా.

బెంచీ మొదట్లో సరంగు సింహాచలం గారు.
నలభై ఏళ్లు పంటు నడిపిన మనిషి.
వంతెన పడ్డాక చేతికి పేపరు కర్ర మిగిలింది.
చలికాలం వస్తే ఆయన ఛాతీలో
స్టార్టవ్వని పాత ఇంజను చప్పుడు.
పక్కన నూకరత్నం, ఒళ్లో లేసు,
నరసాపురం షావుకారుకి శనివారంలోగా ఇవ్వాల్సింది.
వేళ్లు కొంకర్లు పోతే ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోవచ్చు,
పొగకి దారం నల్లబడుద్ది.
అందుకని ఇక్కడికి.
కూతురు హారికని కూడా తెస్తుంది, మూడో తరగతి.

ఆదివారం "ఇంటిల్లిపాదీ చదువు" అని
మా లైబ్రేరియన్ హేమలత గారు బోర్డు రాశారు.
ఇంటిల్లిపాదీ అంటే ఒక ఇంటోళ్లే అనేం లేదు,
ఎండలో పట్టినవాళ్లంతా.

ఆవేళ హారిక డాక్టరు గారి సలహాలు పైకి చదివింది:
"చలికాలంలో చెవులు కప్పుకోండి.
గోరువెచ్చని నీళ్లు తాగండి.
ఆకాశం ఎక్కువైతే
వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి."

లేసు సూది ఆగింది.
"ఆయాసమే పిల్లా," అంది తల్లి.
సరంగు గారు నవ్వబోయి దగ్గి, దగ్గబోయి నవ్వి
"లేదమ్మా, సరిగ్గానే చదివేవు.
నలభై ఏళ్లు ఏటి మధ్యన నించున్నోణ్ణి,
నాకు ఆకాశం ఎక్కువే. ఆయ్."

తర్వాతి వారం బెంచీ మొదలు ఖాళీ.
మూడ్రోజులు ఎండే వచ్చి ఆ చోట కూర్చుని పోయింది.
అలా అనుకున్నాను గానీ ఎవరితోనూ అనలేదు.

హేమలత గారు రిజిస్టరు తిప్పి
సరంగు గారి పేరున ఓ పుస్తకం రాశారు,
ఓడల కథలది, లావు అక్షరాలది.
"మనిషి సంతకం లేకుండా ఇవ్వకూడదు కదండీ," అన్నాన్నేను.
"మీరు పెట్టండి."
వరహాలమ్మ. అయిదక్షరాలు.
ఫ్లాస్కు నింపి మూత బిగించినంతసేపు పట్టింది.

ఫ్లాస్కులో శొంఠి కాఫీ, శాలువా కింద పుస్తకం,
పిల్లా తల్లీ నేనూ గట్టు దిగాం.
గదిలో నీలగిరి తైలం వాసన,
మంచం కింద ఆవిరి పట్టిన తపేలా.
హారిక చదివింది. నూకరత్నం దారం తీసింది.
కోడలు చిక్కుడుకాయల చేట పట్టుకుని
ఈనెలు తీస్తా తీస్తా గుమ్మంలోకి జరిగింది.
మనవడు ఫోను బోర్లించాడు.
నేను అలవాటుకొద్దీ మంచం కోడు పట్టుకుని
ఎండ ఎక్కడుందా అని చూశాను.
కిటికీ పడమటిది. ఇంకా వేళ కాలేదు.

గడువు దాటిన తొమ్మిదో రోజున పుస్తకం వచ్చింది.
ఆయనే తెచ్చారు, మఫ్లరు చుట్టుకుని,
గట్టు మీద రెండు చోట్ల ఆగి.
అట్ట తెరిస్తే నీలగిరి వాసన.
జరిమానా గడిలో హేమలత గారు ఏదో గీశారు,
అది సున్నో కాదో నేను చూళ్లేదు.

"ఆకాశం ఎలా ఉంది తాతా?"
"రాత్రుళ్లు కాస్త ఉందమ్మా,"
అని ఆయన కాళ్లెత్తారు.
నేను బెంచీ లాగాను.